ప్రమాద నివేదికకు తాళం వేయొచ్చా?

ఫ్యాక్టరీలోనో, క్వారీలోనో ప్రమాదం జరిగింది. కంపెనీ లోపల విచారణ జరిపి ఓ నివేదిక తయారుచేసింది. దాని నెత్తిన ‘లాయరు కోసం.. రహస్యం’ అని ముద్ర వేసింది. ఇక ఆ కాగితం కోర్టుకూ, చనిపోయినవారి కుటుంబానికీ కనిపించదా? రేపు ఆ కాగితం రాయాల్సింది మీరే కావొచ్చు. దాన్ని బయటికి తెప్పించే లాయరూ మీరే కావొచ్చు. ఎటువైపు ఉన్నా ఈ పాఠం ముందే తెలిసుండాలి.

ఎర్రగుంట్ల, చిలమకూరు, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, గడివేముల.. ఏ దారిన పోయినా సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. బేతంచెర్లలో నాపరాయి పాలిష్ యూనిట్లు, మంగంపేటలో ముగ్గురాయి గని, తుమ్మలపల్లెలో యురేనియం, కలమళ్లలో థర్మల్ విద్యుత్కేంద్రం, ఇప్పుడు ఓర్వకల్లు పారిశ్రామికవాడ. వాన నమ్ముకుంటే గింజ దక్కని నేలలో రాయే చాలామందికి కూడు పెడుతోంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో చదువుకున్న మీలో ఎందరికో మొదటి కొలువు ఈ గేట్ల లోపలే దొరుకుతుంది. ట్రైనీ ఇంజినీరుగానో, షిఫ్టు ఇన్‌ఛార్జిగానో, హెచ్‌ఆర్ అసిస్టెంటుగానో, కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగానో చేరతారు.

ఇంటర్వ్యూలో జీతం గురించి అడుగుతాం, షిఫ్టుల గురించి అడుగుతాం. ‘ప్రమాదం జరిగితే ఎవరు రాయాలి, ఏం రాయాలి?’ అని మాత్రం ఎవరూ అడగరు. చేరిన మొదటి ఏడాదిలోనే ఆ పని మీ నెత్తిన పడొచ్చు. కన్వేయరు బెల్టులో చెయ్యి ఇరుక్కున్న కార్మికుణ్ని ఆసుపత్రికి పంపి వెనక్కి తిరిగేలోపే పెద్దసారు పిలుస్తాడు. ‘ఏం జరిగిందో రాసివ్వు బాబూ. పైన మన లాయరు పేరు పెట్టు, అప్పుడు ఎవరూ అడగరు’ అంటాడు. నిజంగానే ఎవరూ అడగరా?

రెండు పేలుళ్లు

2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో పేలుడు సంభవించి పదిమందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటి కోసం ఒడిశా తదితర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి 10 మంది బలయ్యారు. రెండో ఘటన తర్వాత ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున, గాయపడినవారికి 5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించింది. వేర్వేరు శాఖల అధికారులతో విచారణ కమిటీ కూడా వేసింది.

ఇలాంటి ఘటన జరిగినప్పుడల్లా ఊళ్లో అందరి నోటా ఎక్స్‌గ్రేషియా మాటే. సంతకం పెట్టిందెవరు, లైసెన్సు ఎవరి పేరున ఉంది, పేలుడు సామగ్రి దించే పని ఎవరికి అప్పగించారు, వారికి శిక్షణ ఇచ్చారా లేదా.. ఇవన్నీ కాగితాల్లో ఉంటాయి. ఒడిశాలో ఎక్కడో ఉన్న భార్యకు ఆ కాగితం అందుతుందా లేదా అన్నదాని మీదే ఆమె కేసు నిలవడమో, వీగిపోవడమో ఉంటుంది. న్యాయశాస్త్రంలో దీన్ని గోప్యతా హక్కు అంటారు. ఇంగ్లిషు మాట వాడుక చేసుకుని కోర్టుల్లో ‘ప్రివిలేజ్’ అంటారు.

ఒక్క ప్రమాదం.. ఎన్నో కాగితాలు

ముందుగా ఒక సంగతి. ప్రమాదం తర్వాత పుట్టే కాగితాలన్నీ ఒకే జాతివి కావు. వాటిని మూడు కుప్పలుగా విడదీసి చూడండి.

మొదటి కుప్ప: చట్టం అడిగేవి. ఫ్యాక్టరీలో ఎవరైనా చనిపోయినా, 48 గంటలు లేదా అంతకుమించి పనికి రాలేనంతగా గాయపడినా అధికారులకు నోటీసు పంపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పేది. గనులకు 1952 గనుల చట్టం 23వ సెక్షన్ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోని 10వ సెక్షన్ ఇప్పుడు ఈ పని చేస్తోంది. ఈ నోటీసు ప్రభుత్వానికి ఇచ్చేది. దీనికి రహస్యం అన్న మాటే వర్తించదు.

రెండో కుప్ప: కంపెనీ తన అవసరానికి రాసుకునేవి. ప్రమాదాల రిజిస్టరు, షిఫ్టు లాగ్‌బుక్, పని అనుమతి పత్రం, యంత్రం మరమ్మతుల చరిత్ర, శిక్షణకు హాజరైనవారి సంతకాల పట్టిక, సీసీ కెమెరా దృశ్యాలు, ‘ఎందుకిలా జరిగింది’ అని భద్రతా విభాగం తయారుచేసే అంతర్గత నివేదిక. గొడవంతా ఈ చివరిదాని మీదే.

మూడో కుప్ప: లాయరుతో నడిచే ఉత్తర ప్రత్యుత్తరాలు. ‘కేసు పడితే మా పరిస్థితి ఏమిటి?’ అని కంపెనీ అడగడం, ‘ఇలా వాదించొచ్చు’ అని లాయరు సలహా ఇవ్వడం. వీటికి చట్టం గట్టి రక్షణే ఇస్తుంది.

రెండో కుప్పలోని కాగితాన్ని తీసి మూడో కుప్పలో పెట్టే ప్రయత్నమే ఆ ముద్ర. అది చెల్లుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

లాయరు నోరు ఎందుకు కట్టేశారు?

2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. అందులోని 132, 133, 134 సెక్షన్లు మనకు కావాల్సినవి. పాత చట్టంలో 126 నుంచి 129 వరకు ఉన్నవే ఇవి. వృత్తిపరంగా తన క్లయింటు చెప్పిన మాటను, తాను ఇచ్చిన సలహాను ఆ క్లయింటు ఒప్పుకుంటే తప్ప లాయరు బయటపెట్టకూడదు. కేసు ముగిసిపోయినా ఈ బాధ్యత పోదు. లాయరుతో రహస్యంగా మాట్లాడినదాన్ని చెప్పమని క్లయింటునూ కోర్టు బలవంతపెట్టదు.

ఇదేదో పెద్దోళ్లను కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అనుకోవద్దు. చెయ్యి పోగొట్టుకున్న కూలీ తన లాయరుకు ‘ఆ రోజు నేను చేతి తొడుగులు వేసుకోలేదు సార్’ అని నిజం చెప్పగలగాలి కదా! ఆ మాట అవతలి పక్షానికి చేరుతుందన్న భయం ఉంటే అతను అబద్ధమే చెబుతాడు. అబద్ధం మీద కట్టిన కేసు నిలబడదు. అందుకే ఈ హక్కు లాయరుది కాదు, క్లయింటుది.

మినహాయింపులు కూడా అక్కడే ఉన్నాయి. చట్టవిరుద్ధమైన పని చేయడానికి లాయరు సాయం కోరితే ఆ మాటకు రక్షణ లేదు. తాను కేసు చేపట్టాక నేరమో, మోసమో జరుగుతున్నట్టు లాయరు గమనిస్తే దానికీ రక్షణ లేదు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. రక్షణ ‘సంభాషణ’కే తప్ప ‘వాస్తవాని’కి కాదు. యంత్రానికి రక్షణ కంచె లేదన్నది వాస్తవం. ఆ సంగతిని లాయరుకు ఉత్తరంలో రాసినంత మాత్రాన కంచె ఉన్నట్టు అయిపోదు. ‘ఆ రోజు కంచె ఉందా?’ అని కోర్టులో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే.

రైలు ప్రమాదం నేర్పిన లెక్క

అంతర్గత నివేదిక సంగతి తేల్చిన ప్రసిద్ధ కేసు ఇంగ్లండుది. న్యాయశాస్త్ర విద్యార్థులు ‘వా వర్సెస్ బ్రిటిష్ రైల్వేస్ బోర్డ్’ అని చదువుకుంటారు. రైలింజన్లు ఢీకొని ఒక రైల్వే ఉద్యోగి చనిపోయాడు. అతని భార్య పరిహారం కోసం కోర్టుకెక్కింది. రైల్వే సొంతంగా జరిపిన విచారణ నివేదికను ఇప్పించమని అడిగింది. ఆ నివేదిక పైభాగాన ‘బోర్డు సొలిసిటర్ సమాచారం కోసం’ అని రాసి ఉంది. సొలిసిటర్ అంటే అక్కడ క్లయింటుకు సలహా ఇచ్చి, కేసు సిద్ధం చేసే న్యాయవాది. మన దగ్గర అందరూ అడ్వొకేట్లే.

1979లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఈ నివేదిక తయారీకి రెండు కారణాలున్నాయి. ఒకటి మళ్లీ ఇలాంటి ప్రమాదం జరగకుండా చూసుకోవడం, రెండోది కేసు పడితే లాయరుకు ఉపయోగపడటం. రెండూ సమానంగా ఉంటే సరిపోదు. కేసు కోసమే అన్నది ప్రధాన ఉద్దేశం అయితేనే రహస్యంగా ఉంచే హక్కు వస్తుంది. కాబట్టి నివేదిక ఆమెకు ఇవ్వాల్సిందే అని తేల్చింది. పైన ఏం ముద్ర వేశారన్నది కాదు, ఎందుకు రాశారన్నదే చూడాలి అన్నది ఇందులోని సారం. దీన్నే ‘ప్రధాన ఉద్దేశ పరీక్ష’ అంటారు.

2018లో అక్కడి అప్పీలు కోర్టు ‘ఆర్ వర్సెస్ జ్యూక్స్’ కేసులో మరో మెట్టు ఎక్కింది. కార్మికుడి మరణం తర్వాత ఓ మేనేజరు కంపెనీ లాయర్లకు వాంగ్మూలం ఇచ్చాడు. భద్రత బాధ్యత తనదేనని అందులో ఉంది. తర్వాత అధికారులు అడిగితే తనది కాదన్నాడు. మొదటి కాగితం బయటికొచ్చింది. అది రహస్యమన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ఆనాటికి జరుగుతున్నది విచారణే తప్ప, తమపై ప్రాసిక్యూషన్ వస్తుందని వారు అనుకున్నట్టు రుజువు లేదని కారణం చెప్పింది. కొత్తగా మేనేజర్లయ్యేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ లాయరు కంపెనీకి లాయరు. మీకు కాదు.

ఇవి మన కోర్టులను కట్టిపడేసే తీర్పులు కావు. కానీ ఇలాంటి వాదన వచ్చినప్పుడు ఇరుపక్షాల లాయర్లూ వీటిని తిరగేస్తారు.

మన సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2025లో ఈ విషయం మన దేశంలోనూ పెద్ద చర్చ అయింది. ఓ కేసులో క్లయింటుకు న్యాయ సలహా ఇచ్చినందుకు సీనియర్ న్యాయవాదులు అరవింద్ దాతార్, ప్రతాప్ వేణుగోపాల్‌లకు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సమన్లు పంపింది. న్యాయవాద సంఘాలు భగ్గుమన్నాయి. సమన్లు వెనక్కి వెళ్లాయి. సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని తనంతట తానే చేపట్టి అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్.గవాయ్, న్యాయమూర్తులు కె.వినోద్ చంద్రన్, ఎన్.వి.అంజారియాల ధర్మాసనం అది. అందులో మనకు పనికొచ్చే అంశాలు మూడు.

ఒకటి: క్లయింటు వివరాల కోసం దర్యాప్తు అధికారి నేరుగా లాయరును పిలవకూడదు. 132వ సెక్షన్‌లోని మినహాయింపు వర్తిస్తేనే పిలవాలి. దానికి ఎస్పీ స్థాయికి తగ్గని పైఅధికారి అనుమతి ఉండాలి.

రెండు: లాయరు దగ్గరో, క్లయింటు దగ్గరో ఉన్న పత్రాలను కోర్టుకు తెప్పించడానికి 132వ సెక్షన్ అడ్డు కాదు. అభ్యంతరం ఉంటే కోర్టే విని తేలుస్తుంది. అంటే లాగ్‌బుక్‌ను తీసుకెళ్లి లాయరు బీరువాలో దాచినంత మాత్రాన అది రహస్య పత్రం అయిపోదు.

మూడు: కంపెనీలో నెల జీతానికి పనిచేసే లా ఆఫీసర్లు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వొకేట్లు కారు కాబట్టి వారికి 132వ సెక్షన్ రక్షణ లేదు. కంపెనీ న్యాయ సలహాదారుతో వారు జరిపిన సంభాషణ వరకు 134 కింద పరిమిత రక్షణ ఉంటుంది. కంపెనీకీ, ఆ లా ఆఫీసరుకూ మధ్య జరిగే సంభాషణకు ఆ రక్షణ అడగడానికి వీల్లేదు. కార్పొరేట్ లా ఆఫీసరు కొలువు మీద కన్నేసినవారు ఈ మూడో అంశాన్ని రెండుసార్లు చదవండి. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నే ఇది.

మీరే రాయాల్సి వస్తే..

* చూసింది రాయండి, అనుకున్నది కాదు. ‘కార్మికుడి నిర్లక్ష్యం వల్ల’ అని మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పకండి. ‘ఉదయం 10.20కి బెల్టు నడుస్తోంది, కంచె పక్కన తీసిపెట్టి ఉంది’ అని రాయండి. కారణం తేల్చడం తర్వాతి పని.

* తేదీ, సమయం, చోటు, అక్కడున్నవారి పేర్లు తప్పనిసరి. కాంట్రాక్టు కూలీ అయితే కాంట్రాక్టరు పేరు, హాజరు పట్టిక వివరాలు కూడా జోడించండి. పరిహారం కేసుల్లో ‘అతను మా మనిషే కాదు’ అన్న వాదన ఇక్కడే తెగిపోతుంది.

* పాత తేదీ వేసి రాయమంటే రాయకండి. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు. మీరు రాసినదానికి ఒక ప్రతి ఇవ్వమని మర్యాదగా అడగండి.

* వాట్సాప్ గ్రూపులోని ఫొటోలు చెరిపేయమని ఎవరు చెప్పినా వినొద్దు. ఎలక్ట్రానిక్ రికార్డు కూడా సాక్ష్యమే. సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద, కోర్టుకు చేరకుండా పత్రాన్ని ధ్వంసం చేయడం 241వ సెక్షన్ కింద నేరాలు. జైలుకు పోయేది చెరిపిన చెయ్యే.

* ఆ ఫొటోలను బయటి గ్రూపుల్లో పంచడమూ తప్పే. అడిగే అధికారం ఉన్నవారికి ఇవ్వడం వేరు, ఊరంతా తిప్పడం వేరు.

* లాయరు అడిగిన నోట్ వేరుగా, భద్రతా నివేదిక వేరుగా ఉండాలని పైవారికి చెప్పండి. రెండూ కలిపితే రెండింటికీ చేటే. లాయరు సలహా బయటపడే ప్రమాదం ఉంటుంది, భద్రతా పాఠం బీరువాలో మగ్గుతుంది.

నిజాయతీగా రాసిన నివేదిక కంపెనీకి శత్రువు కాదు. బ్రేకు పట్టడం లేదని గతవారమే ఎవరో లాగ్‌బుక్‌లో రాశారు, ఎవరూ పట్టించుకోలేదు అనుకోండి. ఆ ఒక్క వరుస పదిమందికీ తెలిస్తే పక్క షిఫ్టులో ఇంకో ప్రాణం నిలబడుతుంది. దాన్ని రహస్యం చేస్తే అదే బ్రేకు ఇంకొకరి మీదికి వస్తుంది.

వైజాగ్ ఏం చూపించింది?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో ఉన్నతస్థాయి కమిటీని వేసింది. ఆ కమిటీ జులై 6న నివేదిక ఇచ్చింది, అది ప్రజల ముందుకు వచ్చింది. నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు ఎలా తప్పిందో, ఎక్కడ నిర్లక్ష్యం జరిగిందో అందులో ఉంది. మరునాడే కంపెనీ పెద్దల అరెస్టులు జరిగాయి. ఇవాళ ఏ కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా దాన్ని పాఠంలా చదువుకోవచ్చు. నివేదిక బయటికి రావడం వల్ల జరిగే మేలు ఇదీ.

బాధిత కుటుంబం ముందున్న దారులు

మీ ఊళ్లోనో, బంధువుల్లోనో ఇలాంటి కష్టం వస్తే చదువుకున్నవారని ముందు మీ దగ్గరికే వస్తారు. అప్పుడు ఏం చెప్పాలి?

పరిహారం లెక్క: ఉద్యోగుల పరిహార చట్టం 1923 కింద మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించేవారు. లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా కూడా ఉండేవి. ఈ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. కాబట్టి ప్రమాదం ఏ తేదీన జరిగిందో చూసి, ఏది వర్తిస్తుందో లాయరును అడగాలి. ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడైతే దారి వేరు. అక్కడ ఆధారపడినవారికి నెలనెలా సగటు వేతనంలో 90 శాతం అందుతుంది.

రాజీ కాగితం: ‘లక్ష ఇస్తాం, ఇక ఏ కేసూ వద్దని సంతకం పెట్టు’ అని పెద్దమనుషుల పంచాయితీ జరగడం మన దగ్గర మామూలే. పరిహార హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని 1923 చట్టం 17వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. మరణ పరిహారం కమిషనరు దగ్గర జమ చేయాలే తప్ప నేరుగా చేతిలో పెడితే అది చెల్లింపు కిందికి రాదని 8వ సెక్షన్ చెప్పింది. దుఃఖంలో ఉన్న ఇంట్లో వేలిముద్ర పడేలోపు ఈ రెండు మాటలు చెప్పగలిగితే అంతకుమించిన సాయం లేదు.

కాగితాలు తెప్పించడం: పరిహార కేసులో కమిషనరుకు సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. సివిల్ దావాలో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు కింద అవతలి పక్షం పత్రాలు అడగొచ్చు. వారు రహస్యమంటే, ఆ మాట సరైనదో కాదో తేల్చడానికి జడ్జి ముందు తాను ఆ పత్రం చూడొచ్చు.

సమాచార హక్కు: ఫ్యాక్టరీల శాఖకు వెళ్లిన నోటీసు, తనిఖీ నివేదిక కోసం 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రైవేటు కంపెనీ కాగితమైనా, ఇంకో చట్టం కింద అధికారి దాన్ని తెప్పించుకోగలిగితే అదీ ‘సమాచారం’ కిందికే వస్తుందని 2005 చట్టం నిర్వచనంలోనే ఉంది. ఏపీఎండీసీ, ఏపీజెన్‌కో లాంటి ప్రభుత్వ సంస్థలనైతే నేరుగానే అడగొచ్చు. ‘విచారణ నడుస్తోంది’ అని తోసిపుచ్చితే ఆగిపోవద్దు. విచారణ ఉండటం ఒక్కటే కారణం కాదు, సమాచారం ఇస్తే దానికి ఎలా ఆటంకమో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది.

ఉచిత న్యాయ సహాయం: 1987 న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు.

ఈ దారిలో కొలువులు

సేఫ్టీ ఆఫీసరు: పాత చట్టంలో 1,000 మంది కార్మికులుంటేనే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి. కొత్త కోడ్ 22వ సెక్షన్ ఆ సంఖ్యను 500కు తగ్గించింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీకి, భవన నిర్మాణానికి 250, గనికి 100 చాలు. అంటే మన ప్రాంతంలోని మధ్యతరహా గనులు కూడా లెక్కలోకి వస్తాయి. సాధారణంగా ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా, కొంత అనుభవం, పారిశ్రామిక భద్రతలో డిప్లొమా అడుగుతారు. కార్మికులు మాట్లాడే భాష రావాలన్న షరతు కూడా ఉంటుంది. చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థ ఇచ్చే పారిశ్రామిక భద్రత అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు మంచి విలువ ఉంది. గనుల్లో మేట్, బ్లాస్టర్, ఓవర్‌మ్యాన్, మేనేజరు ధ్రువపత్రాలను గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ పరీక్షల ద్వారా ఇస్తుంది.

న్యాయవాద వృత్తి: ఏదైనా డిగ్రీ తర్వాత లాసెట్ రాసి 3 ఏళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. ఇంటర్ తర్వాత అయితే 5 ఏళ్లు. బీటెక్ మైనింగో, సివిలో చదివి లా చేసినవారు ఈ రంగంలో అరుదు. యంత్రం తెలిసిన లాయరు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. పనిచేస్తూ పట్టు సాధించడానికి లేబర్ కోర్టు, పరిహార కేసులు మంచి బడి.

లాయరు కాబోయేవారు తెలుసుకోవాల్సిన తాజా సంగతులు మరో రెండున్నాయి. ఎన్‌రోల్‌మెంటుకు జనరల్ అభ్యర్థుల నుంచి 750, ఎస్సీ ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో చెప్పింది. అంతకుముందు వేలల్లో కట్టాల్సి వచ్చేది. ఇక సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న తీర్పు వచ్చింది. పట్టా చేతికి రాగానే జడ్జి పరీక్షకు కూర్చుందామనుకున్నవారు ప్రణాళిక మార్చుకోవాలి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆనాటి నిబంధనలు మరోసారి చూసుకోండి.

‘మనలాంటోళ్లకు లా ఎందుకులే’ అనుకునేవారికి ఒక్క మాట. కర్నూలు దగ్గర పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసులో లా చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత కేంద్రంలో కార్మిక శాఖ చూశారు. 1965 బోనస్ చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఈ వారం ఓ పని చేయండి. కొలువు కోసం దరఖాస్తు పెడుతున్న కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు ఉన్నాడా, భద్రతా కమిటీ ఉందా అని అక్కడ పనిచేస్తున్న సీనియర్‌ను అడిగి తెలుసుకోండి. తన ఆరోగ్యం, భద్రతకు సంబంధించిన సమాచారం యజమాని నుంచి పొందే హక్కు కొత్త కోడ్ 14వ సెక్షన్ ప్రతి ఉద్యోగికీ ఇచ్చింది. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె ఎంత జాగ్రత్తగా చదువుతారో, ఈ హక్కునూ అంతే జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని గేటు దాటండి.